నాయన అకార్డియన్‌కు మిడి బిగించిన వైనం

మా ఇంటి మగవాళ్ళు మాట ఇచ్చే ముందు ఆలోచించరు. ఆలోచించి ఇస్తే అది మాట కాదు, బేరం అనేవాడు మా తాత. ఆ పట్టుదల వల్ల మా ఇంట్లోంచి ఏమేం బయటికి పోయాయో మార్కాపురంలో ఎవరినడిగినా చెబుతారు కాబట్టి నేను చెప్పను. పోయిన సంవత్సరం నేనిచ్చిన ఒక మాట గురించి మాత్రం రాస్తాను.

మాకు పలకల ఫ్యాక్టరీ ఉండేది. పలకను కోసి, నున్నగా తోమి, కొయ్య చట్రం బిగించే ముందు వేలి కణుపుతో కొట్టి చూసేవాళ్ళు. మంచి పలక ఖంగుమంటుంది. కంటికి ఆనని పగులున్న పలక బొంగురుగా పలుకుతుంది. ఆ పని ఆడవాళ్ళది. వాళ్ళందరిలోనూ తర్లుపాడు నుంచి వచ్చే ఒకామె చెవికి తిరుగులేదు. ఆమె పక్కన పెట్టిన పలకను మా తాత కూడా మళ్ళీ లోపలికి తీసుకోలేదు. వాళ్ళు పలకలు కొట్టి చూస్తున్నంతసేపూ ఆవరణలో ఎవరూ నోరెత్తకూడదు. యజమానికైనా అదే నియమం. మా నాయన వసారాలో అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని, వెన్ను నిటారుగా నిలిపి, ఆమె ఆఖరి పలక దించేదాకా కాచుకుని ఉండేవాడు. ఆమె దించాక, మళ్ళీ పని గంట మోగేదాకా వాయించేవాడు.

ఆయనకు వచ్చినవి మూడు పాటలు. రెండు నాటకాల్లోవి. మూడోది క్రైస్తవుల కీర్తన. పనివాళ్ళలో సగానికి పైగా చర్చికి పోయేవాళ్ళు కాబట్టి, ఒక క్రిస్మసుకు వాళ్ళ కోసం నేర్చుకున్నాడట. నేను చదువుకున్నది కర్నూలు హాస్టల్లో. నాయన వాయించగా విన్నది సెలవుల్లోనే. విన్నప్పుడు కూడా నా ధ్యాస పాట మీద కంటే ఆయన కూర్చున్న తీరు మీదే ఉండేది. అంత నిటారుగా కూర్చున్న మనిషి గొప్పగా వాయిస్తున్నాడని వేరే చెప్పనక్కర్లేదు అనుకునేవాణ్ణి. వాయించడం మాత్రం నేను కర్నూల్లోనే ఒక బ్యాండు మాస్టారి దగ్గర, స్వరాలు చూసి చదివే పద్ధతిలో, క్రమంగా నేర్చుకున్నాను.

పోయినేడు కంటి ఆసుపత్రిలో వరసలో నిలబడి ఉంటే, బెంచీ మీద కూర్చున్న ఒక ముసలామె నా గొంతు విని తల తిప్పింది. కళ్ళకు పచ్చ గుడ్డ కట్టి ఉంది. గొంతు బట్టే పోల్చింది.

"చిన్నయ్యవు కదూ?"

పలకలు కొట్టి చూసిన ఆ తర్లుపాడు ఆమే. ఆమెను మా ఇంట్లో అందరూ పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాళ్ళు. నేను అరవై రెండేళ్ళ వయసులో అలా పిలవలేక, "అవును పెద్దమ్మా," అన్నాను. నాయన వింటే కనుబొమ ఎత్తేవాడు.

"మీ నాయన పెట్టె ఉందా?"

"ఉంది."

"వాయిస్తావా?"

"ఎందుకు వాయించను?"

"అయితే నా కూడికకు వచ్చి వాయించు. నాకు ఎనభై నిండినాయంట. ఆధార్ కార్డులో అట్ల ఉందిలే. మా పిల్లోడు అందరినీ ప్రార్థనకు పిలిచి కృతజ్ఞత కూడిక పెడతాడంట. మీ నాయన వాయించేది చూడు, మా పాట, అది ఆ పెట్టె మీద ఒక్కసారి వినాలని ఉంది."

"వాయిస్తా," అన్నాను. పెట్టె తెరిచి చూసింది ఆ తర్వాత.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే దాన్ని తెరిచి పద్దెనిమిదేళ్ళయింది. మేడ మీద గదిలో బీరువా పైన ఉంది. మా వైపు ఎండలు ఎలా ఉంటాయో, ఆ గది కప్పు ఎలా కాలుతుందో చెప్పనవసరం లేదు. అకార్డియన్ లోపల రీడ్లనే సన్నటి ఉక్కు నాలుకలను మైనంతో అతికిస్తారు. తిత్తి లాగితే గాలి వాటి గుండా పోయి పలుకుతుంది. నేను తిత్తి లాగాను. అది పెద్దగా నిట్టూర్చింది, అంతే. పెట్టె పక్కకు వంచితే లోపల గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడైంది. ఏళ్ళ తరబడి కరిగి, ఎండి, చిట్లిన మైనంలోంచి రీడ్లన్నీ ఊడి అడుగున పడి ఉన్నాయి.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"చెడిపోయిందని ఆమెకు ఒక మాట చెప్తే అయిపోతుంది కదండీ."

"మన పెట్టె చెడిపోయిందని తర్లుపాడులో చెప్పాలా?"

"తర్లుపాడుకు తెలియందేముంది? ఫ్యాక్టరీ చెడిపోయిందని తెలిసే కదా వాళ్ళంతా వేరే పనులు చూసుకుంది."

మా ఆవిడ చెప్పినదాంట్లో అబద్ధం ఉండదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

చెన్నైలో ఇద్దరికి ఫోన్లు చేశాను. ఒకాయన అకార్డియన్లు బాగుచెయ్యడం మానేసి పూల వ్యాపారంలో ఉన్నాడు. రెండో ఆయన, కలకత్తా పంపాలి, ఎనిమిది నెలలు పడుతుంది, పలుకుతుందో లేదో అప్పుడు చెబుతామన్నాడు. కూడికకు ఇంకా ఆరు వారాలే ఉంది. ఇంకొక వాద్యం అరువు తెచ్చి నాయనదే అని చెప్పి వాయిద్దామా అంటే, వినేది ఎవరు? రాతిలోపలి పగులును చెవితో పట్టుకున్న మనిషి.

మార్కాపురంలో ఏదైనా విప్పి చూడగల మనిషి ఒక్కడే ఉన్నాడు. బస్టాండు వెనక సందులో మైకు సెట్లు, మిక్సీలు బాగుచేస్తాడు. ఆదివారం తర్లుపాడు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. యాభై ఏళ్ళవాడు, నన్ను అన్నా అంటాడు. వాళ్ళ నాయన మా నాయనను అయ్యా అనేవాడు. కాలం మారిందని నేనేమీ అనుకోను. అన్నా అనడంలో ఆప్యాయత ఉంది. చిక్కల్లా ఏమిటంటే అతను ఆ పెద్దామె కొడుకే.

పెట్టె ఎత్తుకుని ఆటో ఎక్కాను. పదకొండు కిలోలు. ఆటో అతను అద్దంలో చూశాడు.

"ఏంది సారూ, కుట్టుమిషనా?"

"కాదు."

"మిల్లు మోటరా?"

"సంగీతం," అన్నాను.

"ఆఁ, బరువే," అన్నాడు.

దుకాణంలో పెద్దామె కొడుకు పెట్టెను రెండు చేతులతో ఎత్తి, కొబ్బరికాయలో నీళ్ళు చూసినట్టు చెవి దగ్గర ఆడించి చూశాడు.

"ఇది పోయింది అన్నా."

"మీ అమ్మకు చెప్పవద్దు."

"నేను చెప్పేదేంది? వింటే ఆమెకే తెలుస్తాది."

పెట్టెను మెల్లగా బల్ల మీద దించాడు. తర్వాత అతను తలపాగా లాగా చుట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "మిడి పెడదామా?" అన్నాడు. నేను ఆ మాట అంతకుముందు వినలేదు. అతనూ చేతులతో చేసింది లేదట, ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకున్నాడట.

"మిడి అంటే పాట కాదన్నా, కబురు. ఒక్కో మెట్టు కింద చిన్న అయస్కాంతం అతికిస్తాం. దాని కింద సర్క్యూట్ పట్టీ. నువ్వు మెట్టు నొక్కితే, ఫలానా మెట్టు నొక్కినాడు అని ఫోనుకు కబురు పోతాది. వదిల్తే, వదిలినాడు అని ఇంకో కబురు. పలికేది ఫోను. దాంట్లో అకార్డియన్ గొంతు ఉంటాది."

"మరి నేను చేసేదేమిటి?"

"నువ్వు చెప్తావు. అది చేస్తాది."

ఆలోచించాను. మూడు తరాలుగా మా ఇంట్లో జరిగిన పని అదే. ఇందులో నేను కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ కనిపించలేదు. ఒప్పుకున్నాను.

కిట్ పది రోజులకు కొరియర్లో వచ్చింది. చెప్పుల డబ్బా అంత ఉంది. అందులో నలభై ఒక్క అయస్కాంతాలు కుడిచేతి మెట్లకు, ఎడమచేతి బొత్తాలకు ఇంకో కట్ట, రెండు పచ్చ పట్టీలు, వైర్లు, ఒక చిన్న డబ్బా, నాలుగు భాషల్లో ఒక పుస్తకం. ముప్పై రెండేళ్ళు గ్రంథాలయంలో ఉద్యోగం చేసినవాణ్ణి. పుస్తకం ఉండగా చదవకుండా పని మొదలుపెట్టడం నాకు చేతకాదు. పని ఉండగా పుస్తకం తెరవడం అతనికి చేతకాదు. చివరికి నేను పైకి చదవాలి, అతను చెయ్యాలి అని ఒప్పందమైంది. నేను మూడో పేజీలో హెచ్చరికలు చదువుతుండగా అతను పదకొండో పేజీ పని ముగించాడు.

నాయన వాద్యం పొట్ట విప్పి ఉండగా బజారు చూడటం నాకిష్టం లేక షట్టరు సగం దించమన్నాను. అది పొరపాటు. పూర్తిగా తెరిచిన దుకాణం వైపు ఎవరూ చూడరు. సగం దించిన షట్టరు కింద వంగి చూడని మనిషి లేడు. మిక్సీ జారు చేత పట్టుకున్న ఒక పెద్దాయన అలాగే వంగి, నేల మీద పరిచిన మెట్లనూ బొత్తాలనూ చూసి అడిగాడు.

"ఏంది అల్లుడూ, పోస్టుమార్టమా?"

"కాదు మామా, ప్రాణం పోస్తాన్నాం."

"నా మిక్సీకి?"

"దానికి సోమవారం పోస్తా."

మూడో రోజు కుడిచేతి వైపు ముగిసింది. వైరు ఫోనుకు తగిలించి ఒక మెట్టు నొక్కాను. ఫోను పలికింది. మౌతార్గన్ పలికినట్టు పలికింది. పుస్తకంలో అకార్డియన్ గొంతుకు ఇరవై రెండో నంబరు పెట్టమని ఉంది, మేము ఇరవై రెండే పెట్టాం. తీరా చూస్తే ఆ ఫోన్లోని యాప్ సున్నా నుంచి లెక్కపెడుతుందట, కాబట్టి ఇరవై ఒకటి పెట్టాలట. వరసలో మొదట నిలబడినవాణ్ణి సున్నా అనే పద్ధతి నాకు నచ్చలేదు. నచ్చలేదని అతనితో చెప్పాను కూడా. అతను ఇరవై ఒకటి నొక్కాడు. అకార్డియన్ పలికింది.

తర్వాత ఎడమచేతి వైపు. కుడి చేతి కబుర్లు ఒక ఛానల్లో, ఎడమ చేతి కబుర్లు ఇంకో ఛానల్లో పోవాలి. లేకపోతే ఫోను రెండింటినీ కలగలిపేస్తుంది. ఒకటి నుంచి పదహారు దాకా ఛానళ్ళున్నాయి.

"కుడికి ఒకటి పెట్టినా. ఎడమకు ఎంత పెడదామన్నా?"

"పది," అన్నాను.

ఆలోచించవలసిన పనే లేదు. మా ఫ్యాక్టరీలో మేలురకం పలకల పెట్టెల మీద పది అని అచ్చు వేసేవాళ్ళు. పదో నంబరు సరుకంటే ఈ చుట్టుపక్కల మాదే. మా గేటు మీద పది, నాయన స్కూటరు మీద పది, నా పెళ్ళి శుభలేఖ మూల మీద కూడా తాత చిన్నగా పది వేయించాడు. ఇతర అంకెలు మాకు అవసరం రాలేదు.

అతను పది పెట్టాడు. నేను కుడి చేత్తో ఒక సరళమైన వరస ఎత్తుకుని, దానికి ఆసరాగా ఎడమ చేతి బొత్తాం నొక్కాను. ఢబ్బుమంది. ఇంకో బొత్తాం నొక్కాను. తాళం మోగింది. మూడోది నొక్కితే చప్పట్లు. నాలుగోది నొక్కితే ఆవు మెడలో గంట. రెండు చేతులతో గట్టిగా వాయిస్తే షట్టరు కింద వంగి చూస్తున్న ఇద్దరు అక్కడే అడుగు వేయడం మొదలుపెట్టారు.

నాలుగు రోజులు వెతికాం. సాల్డరింగ్ అంతా ఊడదీసి మళ్ళీ చేశాడు. ఫోను మార్చాం. వైరు మార్చాం. తేమ అనుకుని పట్టీలను ఎండలో పెట్టాం. మా ఎండకు ఒకటి వంగింది. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఆ నంబరు మార్చి చూడరాదా?" అంది. నంబరులో లోపం ఉండే అవకాశం లేదని చెప్పాను. అయిదో రోజు, మా ఒప్పందం ప్రకారం పైకి చదువుతూ ఇరవై తొమ్మిదో పేజీకి వచ్చాను. అక్కడ, పదో ఛానల్‌ను ప్రపంచమంతటా తాళవాద్యాలకు కేటాయించారని, వేరే దేనికీ వాడవద్దని, గీత గీసి మరీ రాసి ఉంది. గొంతు కాస్త తగ్గించి చదివాను. అయినా అతనికి వినబడింది. సాల్డరింగ్ కడ్డీ కింద పెట్టి నవ్వాడు.

"అన్నా, మీ పదో నంబరు డప్పులకు రాసిచ్చినారంట."

"ఎవరినడిగి?"

"లోకమంతా కలిసి. ఇంగ అది మా వాళ్ళ నంబరు."

మాకు పోయినవాటన్నిటికీ కనీసం ఎక్కడో ఒకచోట మావాళ్ళ సంతకం ఉంది. ఇది సంతకం కూడా లేకుండా పోయింది. "రెండు పెట్టు," అన్నాను.

రెండు పెట్టగానే ఎడమ చెయ్యి మర్యాదగా పలికింది. ఇంటికి తెచ్చుకుని సాధన మొదలుపెట్టాను. కీర్తన కోసం గిద్దలూరు వెళ్ళి, అక్కడ పరిచయమున్న ఒక పాస్టరు గారి దగ్గర స్వరాలు అచ్చువేసిన కీర్తనల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. తానే ఆ కూడికలో వాక్యం చెప్పబోతున్నానని, అక్కడ కలుద్దామని చెప్పారాయన. పుస్తకం ముందు పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రోజుకు రెండు గంటలు. అకార్డియన్ మీద ఇంత నిశ్శబ్దంగా సాధన చేసినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు. మధ్యలో ఒకసారి ఎవరో బ్యాంకు నుంచి ఫోను చేస్తే, నేను రెండో వరస వాయిస్తుండగా నా వాద్యం నాకు లోను ఇస్తానంది. ఆ తర్వాత నుంచి ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను.

ఒక సాయంత్రం మా ఆవిడ వినాలని స్పీకరు పెట్టించింది. వైరులేని స్పీకరు. దాంతో ఇంకో తంటా. ఇప్పుడు మెట్టు నొక్కితే, అర్జీ పెట్టుకున్నట్టు, కాసేపు ఆగి పలుకుతుంది. దాన్ని తీసేసి వైరున్న స్పీకరు తెచ్చాను. ఆమె నేను వాయిస్తున్నంతసేపూ నా చేతుల వైపే చూసింది.

"ఒక్క నిమిషం. ఆ తిత్తి లాగడం ఆపి వాయించండి."

ఆపి వాయించాను. తేడా లేకుండా పలికింది.

"మరి ఎందుకండీ ఆ ఆయాసం?"

అప్పుడు తట్టింది. తిత్తి లాగకపోయినా పలుకుతోందంటే, దానికి ఊపిరి లేదన్నమాట. ఎంత మెల్లగా లాగినా, ఎంత ఉధృతంగా లాగినా ఒకే బిగువున, ఒకే గొంతు. చెవిటివాడికి కూడా అనుమానం వస్తుంది. మర్నాడు పొద్దున్నే దుకాణానికి పోయి పుస్తకం చివరి పేజీలు తిరగేశాను. గాలి ఒత్తిడి కొలిచే పరికరం అని ఒకటి ఉంది. చిటికెన వేలి గోరంత ముక్క, దానికో సన్నటి గొట్టం.

"అదా? కవర్లో మిగిలింది అన్నా. అది లేకున్నా పలుకుతాంది కదా అని పక్కన పెట్టినా."

"లేకున్నా పలుకుతోంది కాబట్టే అది కావాలి. ఈ లెక్కన మీ అమ్మ రెండో మెట్టు దగ్గరే పట్టుకుంటుంది."

అతను తల గోక్కున్నాడు. తల్లి చెవి అంటే అతనికీ భయమే. మధ్యాహ్నానికల్లా రీడ్లు ఊడిన కంతలన్నీ టేపుతో మూసి, గాలి పోవడానికి సన్నటి దారి ఒకటి వదిలి, గొట్టం తిత్తి లోపలికి పెట్టాడు. వాయించాను. మెల్లగా లాగితే మెల్లగా, బిగించి లాగితే బిగువుగా పలికింది. లాగడం ఆపితే ఆగిపోయింది. ఆ రోజు మాత్రం నాయన పెట్టె నా చేతుల్లో మెదిలినట్టే అనిపించింది. అతనితో అనలేదు. అతను మాత్రం మిక్సీ మామకు వినిపించేంత గట్టిగా, "లేచి కూర్చుండె!" అన్నాడు.

కూడిక రోజు తర్లుపాడులో వాళ్ళ ఇంటి ముందు వీధికి అడ్డంగా షామియానా వేశారు. నాకు వేసిన కుర్చీ ప్లాస్టిక్‌ది, వెనక్కి వాలేది. వాలకుండా కూర్చున్నాను. ఫోనును పాటల పుస్తకం కింద దాచాం. వైరును చాప కిందుగా మైకు సెట్టు దాకా తీసుకుపోయాడు కొడుకు. అందరికీ కనిపించేది నేను, అకార్డియన్, పుస్తకం. పెద్దామె ముందు వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చుంది. ఆమె చుట్టూ చాప మీద ఏడుగురు ముసలమ్మలు, అందరూ ఒకప్పుడు మా ఆవరణలో పలకలు కొట్టి చూసినవాళ్ళే. ఒక్క చెవికే జడుస్తున్న నాకు ఎనిమిది జతలు ఎదురుపడ్డాయి.

ప్రార్థన అయింది. పాస్టరు గారు నా వైపు చెయ్యి చూపారు. తిత్తి తెరిచి మొదటి మెట్టు నొక్కాను. నేను నా చేతులు చూడలేదు, ఆమె మొహమే చూశాను. తల కొంచెం పక్కకు వాలింది, అంతే. మొదటి వరస వాయించాను. రెండో వరసకు అందరూ గొంతు కలిపారు. ఆమె కూడా. బతికిపోయాను అనుకున్నాను.

మూడో వరస మధ్యలో పాట విరిగింది. నేను కిందికి దిగాను. షామియానా మొత్తం పైకి పోయింది. ఒకటి రెండు గొంతులు నా వెంట దిగబోయి, ఎటూ కాకుండా గాల్లో నిలిచాయి. అందరూ ఆగారు. నేనూ ఆగాను.

మిడిలోనే ఏదో తేడా వచ్చిందనుకున్నాను. కొడుకూ అదే అనుకుని చాప ఎత్తి వైరు వెతుకుతున్నాడు. నేను కంగారులో పాటల పుస్తకం ఎత్తి ఫోను చూశాను. నాతో పాటు షామియానాలో ఉన్న రెండు వందల మందీ చూశారు.

"ఏంది చిన్నయ్యా, ఆడ దిగినావు?" అంది పెద్దామె.

"దిగాలి కదా పెద్దమ్మా. పుస్తకంలో అలాగే ఉంది."

"పుస్తకంలో ఉంటే? పైకి పోవాల."

"పైకే, పైకే," అన్నారు చాప మీది వాళ్ళు. "ఎప్పుడు దిగినాం మనం?"

పాస్టరు గారు మైకు దగ్గరికి తీసుకున్నారు. "అమ్మా, సారు వాయించిందే సరైనది. గిద్దలూరులో అట్లే పాడతాం, అంతటా అట్లే పాడతారు. మీ ఊళ్ళోనూ, చుట్టూ నాలుగు ఊళ్ళల్లోనూ మాత్రం ఆడికొచ్చి పైకి పోతారు. ఎందుకో నాకు ఇంతవరకు తెలీలే."

"ఎందుకేంది? వీళ్ళ నాయన అట్ల వాయించె, మేం అట్ల నేర్చుకుంటిమి. అప్పుడు మా చర్చిలో పెట్టె యాడిది? ఫ్యాక్టరీ వసారాలో విని వచ్చి ఈడ పాడుకుంటిమి."

నాయన తప్పు వాయించాడు. రోజూ, అదే చోట, వెన్ను నిటారుగా పెట్టుకుని తప్పు వాయించాడు. ఆ తప్పు ఊళ్ళకు పోయి, చర్చిల్లో స్థిరపడి, పిల్లలకు పిల్లలు పుట్టినా దిగి రాలేదు. పుస్తకం నా చేతిలో ఉంది. పాస్టరు గారు నా పక్షాన ఉన్నారు. ముందు వరసలో ఆమె కాచుకుని ఉంది.

"ఆ మెట్టు ఇప్పుడు లేదా ఏంది ఆ పెట్టెలో?" అంది ఆమె. "మీ నాయన కాలంలో ఉండెనే."

అది నాకు దొరికిన దారి. లేదు, ఊడిపోయింది అంటే సరిపోయేది. కానీ నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"మెట్టు ఉంది పెద్దమ్మా. లోపల రీడ్లే లేవు. పెట్టె ఎప్పుడో పోయింది. ఇప్పుడు పలుకుతున్నది ఫోను."

మైకు తీసేయడం ఎవరికీ గుర్తులేదు. ఆ మాట మైకులో వీధి చివరి చికెన్ దుకాణం దాకా వినిపించిందని తర్వాత చెప్పారు.

ఆమె నవ్వింది. "అది నాకు మొదటి మెట్టుకే తెలిసె. మీ నాయన పెట్టె అంత మంచిగ ఎప్పుడన్నా పలికెనా?" చాప మీద ఏడుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "గొంతు ఎవరిదైతే ఏంలే. లాగేది నువ్వేనా?"

"లాగేది నేనే."

"తెలుస్తాంది. అయితే కానీ. ఆడ పైకి పో."

ఎంత పైకి అని నాకు తెలియదు. ఆమె అన్న చోట కూనిరాగం తీసింది. నేను ఒక మెట్టు నొక్కాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కది నొక్కాను. ఇంకొంచెం అంది. మూడోది నొక్కితే చాప మీది వాళ్ళంతా ఒక్కసారే "ఆఁ!" అన్నారు. కొడుకు చాప కింద వైరు వదిలేసి లేచి నిలబడ్డాడు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఫోను అందరికీ కనిపించేలాగే ఉంచి, మొదటి నుంచి ఎత్తుకున్నాను.

ఆ కీర్తనకు అయిదు చరణాలు. మొదటి రెండింటిలోనూ నాయన తప్పిన చోట, ఆయన తప్పినంతే, జాగ్రత్తగా తప్పాను. మూడో చరణంలో చెయ్యి సాధన కొద్దీ పుస్తకం ప్రకారం దిగిపోయింది. ముందు వరస మొత్తం పాడుతూనే నా వైపు కళ్ళెర్రజేసి చూసింది. నాలుగో చరణంలో పైకే పోయాను. అయిదో చరణంలో పాస్టరు గారు కూడా పైకే పోయారు.